గుర్రం సిద్ధం... రౌతు కావలెను!

చిన్నప్పుడు కొయ్యగుర్రం ఊగనివాళ్లుండరు. కాంతారావు సినిమా చూసొచ్చి, చీపురుకట్టను గుర్రం చేసుకుని వీధంతా దౌడు తీసిన తాతయ్యలు ఇంటికొకరుంటారు. మరి అసలు గుర్రం ఎక్కినవాళ్లు? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆ ముచ్చట తీరుస్తామంటూ హైదరాబాద్ శివార్లలో చిన్న చిన్న రైడింగ్ స్కూళ్లు గేట్లు తీసి కూర్చున్నాయి. గుర్రాలున్నాయి, జీన్లున్నాయి, నేర్పేవాళ్లున్నారు. రావాల్సింది నేర్చుకునేవాళ్లే!

తెల్లవారుజామున అయిదున్నర. లంగర్‌హౌజ్, బండ్లగూడ దాటి అప్పా జంక్షన్ దగ్గర చేవెళ్ల రోడ్డెక్కేసరికి నగరం హోరు కాస్త తగ్గుతుంది. కుడివైపు ఉస్మాన్‌సాగర్, ఎడమవైపు హిమాయత్‌సాగర్. రెండు చెరువుల మీది గాలీ ఈ రోడ్డు మీదే కలుస్తుందేమో, ఎండాకాలంలో కూడా ఆ వేళకు చల్లగానే ఉంటుంది. అజీజ్‌నగర్ దాటితే ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, ఇంజినీరింగ్ కాలేజీలు. ఆ పెద్దపెద్ద గేట్ల మధ్య ఓ మట్టిరోడ్డు. దాని మొదట్లో ఇనుపరేకు మీద చేత్తో వేసిన గుర్రం బొమ్మ. బొమ్మలో గుర్రానికి కాళ్లు కాస్త పొట్టిగా కుదిరాయి. లోపలున్న ఏడు గుర్రాలకు మాత్రం ఏ వంకా లేదు.

ఈ స్కూలు నడుపుతున్నాయన పాతికేళ్లపాటు మలక్‌పేట రేసుకోర్సులో పొద్దున్నే గుర్రాలను పరుగు తీయించిన మనిషి. తండ్రి కూడా అక్కడే సాయీసు. పిల్లలూ పెద్దలూ అందరూ 'ఉస్తాద్' అనే పిలుస్తారు. పేరడిగితే గుర్రాల పేర్లు చెబుతారు. సుల్తాన్, చాందినీ, బిజిలీ, బాద్షా, రాణి, షేరూ... చివరగా పొట్టి గుర్రం లడ్డూ. ఈ స్కూల్లో అందరికంటే గిరాకీ లడ్డూకే. మొండితనంలోనూ దానిదే మొదటి ర్యాంకు.

రేసు అయిపోయాక...

హైదరాబాద్‌కు గుర్రాలు కొత్త కాదు. రేసులు మౌలాలిలో జరిగేవి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించారు. ఇంకా వెనక్కెళ్తే, బాపట్ల తీరంలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనంలోనూ గుర్రం కనిపిస్తుంది. తుపానుకు ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాతరాజులు పట్టుకుపోయేవారట. ఇకమీదట అలా చెయ్యబోమని వర్తకులకు ఆయనిచ్చిన మాట అది. అంటే, ఎనిమిదొందల ఏళ్ల కిందటే మన తీరంలో గుర్రం ఖరీదైన సరుకన్నమాట.

ఇప్పుడు ఖరీదు కొనడంలో లేదు, పోషించడంలో ఉంది. రేసుగుర్రం రెండేళ్ల వయసుకే ట్రాక్ ఎక్కుతుంది. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి చాలావాటి కథ ముగుస్తుంది. ఆ తర్వాతా పాతికేళ్ల దాకా బతికే జీవి అది. మిగిలిన పదిహేను పదిహేడేళ్లు ఎవరు చూడాలి? ఉస్తాద్ దగ్గరున్న ఏడింటిలో అయిదు ఇలా పరుగు ఆపినవే. కొన్నిటికి ఆయన పెట్టిన ధర నామమాత్రం.

తక్కువకు వచ్చిందని సంబరపడటానికి లేదు. ట్రాక్ మీద పెరిగిన గుర్రానికి తెలిసిందల్లా ముందుకు దూకడమే. కళ్లెం బిగిస్తే ఆగాలన్న సంగతి దానికెవరూ చెప్పలేదు సరికదా, బిగిస్తే దాన్ని ఆసరా చేసుకుని ఇంకా జోరు పెంచుతుంది. అలాంటిదాని మీద ఎనిమిదేళ్ల పిల్లను కూర్చోబెట్టాలంటే ముందు గుర్రమే బడికెళ్లాలి. పొడవాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పడం, మాట విని ఆగడం, గొడుగు తెరుచుకున్నా ప్లాస్టిక్ కవరు ఎగిరినా బెదరకపోవడం... ఇవన్నీ నేర్పడానికి నెలలు పడుతుంది. బాద్షాకైతే ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా అది పైసా సంపాదించలేదు. తిండి మాత్రం తిన్నది.

దాణాకు సెలవుల్లేవు

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలన్నారు. ఆ సామెత పుట్టించినాయన తప్పకుండా రైడింగ్ స్కూలు నడిపి ఉంటాడని ఉస్తాద్ భార్య నవ్వుతారు. స్కూలు లెక్కలన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి.

నాలుగొందల యాభై కిలోల గుర్రానికి గడ్డీ దాణా కలిపి రోజుకు తొమ్మిది, పది కిలోలు కావాలి. నీళ్లు ముప్ఫై, నలభై లీటర్లు. ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. ఎండుగడ్డి, లూసర్న్, ఓట్స్, తవుడు, ఉడకబెట్టిన ఉలవలు. ఇంట్లో ఉలవచారు కాచుకునేటప్పుడు గుర్తొచ్చే జీవి ఏదంటే ఇదే మరి! దీనికి తోడు ప్రతి ఆరు వారాలకూ గిట్టలు చెక్కించి లాడాలు మార్చాలి. ఆ పని తెలిసిన మనిషి మలక్‌పేట నుంచి రావాలి. టీకాలు, నులిపురుగుల మందు, గ్లాండర్స్ రక్తపరీక్ష, ఇద్దరు సాయీసుల జీతాలు... అన్నీ కలిపితే ఒక్కో గుర్రానికి నెలకు పదిహేను వేలు దాటుతోంది. స్థలం లీజు దీనికి అదనం.

ఖర్చు పన్నెండు నెలలు. రాబడి ఆరు నెలలే. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు బారులు తీరతారు. జూన్‌లో బళ్లు తెరవగానే సగం మంది మాయం. వానలు పడితే మైదానం బురద, గుర్రం జారుతుందని క్లాసులు బంద్. దసరా నుంచి సంక్రాంతి దాకా మళ్లీ కళ. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే పరీక్షలు. పదో తరగతి పిల్లాణ్ని ఆ రోజుల్లో గుర్రమెక్కించే తల్లిదండ్రులు తెలుగునేల మీద ఇంకా పుట్టలేదు. క్రికెట్ కోచింగ్‌కైతే బ్యాట్లు అటకెక్కించి తాళం వేసుకుపోవచ్చు. గుర్రాన్ని అటకెక్కించలేం కదా!

పైగా దాని కడుపు మహా సున్నితం. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. తిన్నది అడ్డం తిరిగితే బయటకు వచ్చే దారి లేక శూల పుడుతుంది. గుర్రాలను పొట్టనపెట్టుకునేది ఎక్కువగా ఈ జబ్బే. డబ్బులు తక్కువయ్యాయని ఒకరోజు నాసిరకం గడ్డి వేస్తే మరుసటి రోజు డాక్టరుకు దానికి పదింతలు పొయ్యాలి. రెండేళ్ల కిందట ఓ వానాకాలం రాత్రి రాణికి అలాగే అయింది. తెల్లవార్లూ దాన్ని నడిపిస్తూనే ఉన్నారు మొగుడూ పెళ్లాలు. పొద్దున ఆరింటికి అది పేడ వేసినప్పుడు ఆ ఇల్లాలు పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు.

వచ్చారు... సెల్ఫీ దిగారు... వెళ్లారు

కొత్తవాళ్లను రప్పించడానికి ఉస్తాద్ చెయ్యని ప్రయత్నం లేదు. మొదట కరపత్రాలు. చిలుకూరు బాలాజీ గుడికెళ్లే మలుపు దగ్గర శని, ఆదివారాలు ఓ కుర్రాణ్ని నిలబెట్టారు. కోరిక చెప్పుకుని పదకొండు, కోరిక తీరాక నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసే భక్తులు గుర్రమెక్కి మరో పది రౌండ్లు తిరగలేరా అన్నది లెక్క. జనం వచ్చిన మాట నిజమే. కార్లు దిగారు, గుర్రం పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు, లడ్డూకి బిస్కెట్లు పెట్టారు, వెళ్లిపోయారు. ఆ సాయంత్రం మిగిలింది బిస్కెట్ల కవర్లే.

తర్వాత 'మొదటి క్లాసు ఉచితం' అని బోర్డు పెట్టారు. వచ్చినవాళ్లలో రెండో క్లాసుకు వచ్చినవాళ్లు అరుదు. ఉచితంగా చూసినదాన్ని ఎవరూ తీవ్రంగా తీసుకోరని అప్పటికి అర్థమైంది.

సినిమాల సంగతి మరో తమాషా. 2009లో 'మగధీర' వచ్చినప్పుడు ఉస్తాద్ ఇంకా రేసుకోర్సులోనే ఉన్నారు. గుర్రమెక్కాలంటూ కుర్రాళ్లు అక్కడి గేటు దగ్గరకే వచ్చేవారట. 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చినప్పుడు సొంత స్కూలుంది కాబట్టి ఫోన్లు నేరుగా ఇక్కడికే వచ్చాయి. అందరి ప్రశ్నా ఒకటే: దౌడు ఎన్నో క్లాసులో నేర్పుతారు? మొదటి పది క్లాసుల్లో నడకే, ఆ తర్వాత ట్రాట్, అది కుదిరాక కాంటర్, ఆ పైన గ్యాలప్ అని చెప్పగానే సగం ఫోన్లు కట్. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల డ్రెసాజ్‌లో మన జట్టు స్వర్ణం గెలిచింది. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత, నలభై ఒక్క ఏళ్లకు వచ్చిన పసిడి. ఆ వారమూ ఫోన్లు బాగానే మోగాయి. ఆ పతకం తెచ్చినవాళ్లు ఐరోపాలో ఏళ్లతరబడి తర్ఫీదు పొందారని తెలిశాక మళ్లీ నిశ్శబ్దం.

అప్పు తీర్చడానికి ఓ ఏడాది పెళ్లి ఊరేగింపులకు గుర్రాల్ని పంపారు. డబ్బులు బాగానే వచ్చాయి. కానీ చెవి పక్కన బ్యాండు, కాళ్లకింద టపాకాయలు! గుర్రం పుట్టుకతోనే పిరికిది. అడవిలో దాన్ని వేటాడేవాళ్లే తప్ప అది వేటాడింది ఎవర్నీ లేదు. భయమేస్తే దానికి తెలిసిన ఉపాయం పారిపోవడమే. ఓ బరాత్‌లో ఔటు పేలి చాందినీ బెదిరింది. పెళ్లికొడుకు సురక్షితంగానే దిగాడు. చాందినీ మాత్రం ఆ తర్వాత ఆర్నెల్లు చప్పట్లు విన్నా వణికిపోయింది. ఆ ఆర్నెల్లూ దాని మీద పిల్లల్ని ఎక్కించే వీల్లేకపోయింది. వచ్చిందెంత, పోయిందెంత అని లెక్కవేసి ఆ పని మానుకున్నారు.

చిటికెన గడియ చేసిన మేలు

అసలు మలుపు ఎవరూ అనుకోని వైపు నుంచి వచ్చింది.

నార్సింగి నుంచి ఓ తల్లి ప్రతి శనివారం కూతుర్ని తీసుకొచ్చేది. అమ్మాయి గుర్రం మీద, అమ్మ వేపచెట్టు కింద ఫోను మీద. ఓ వారం అమ్మాయికి జ్వరం. తల్లి ఒక్కతే వచ్చింది. 'ఫీజు కట్టేశాం కదా, ఆ క్లాసు నేను చెయ్యొచ్చా?' అని అడిగింది. ఉస్తాద్‌కి ఏం చెప్పాలో తోచలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ల ఇల్లాలికి గుర్రం నేర్పడం ఆయనకూ కొత్తే. చున్నీ తీయించి, హెల్మెట్ పెట్టించి, రాణి మీదికి ఎక్కించారు. మైదానం చుట్టూ రెండుసార్లు తిప్పేసరికి ఆమె కళ్లలో నీళ్లు. భయంతో కాదట. ఇంటర్లో ఎన్‌సీసీ క్యాంపులో గుర్రమెక్కే అవకాశం వస్తే ఇంట్లో వద్దన్నారట.

తర్వాతి మంగళవారం పిల్లను స్కూలు బస్సెక్కించి ఆమె మళ్లీ వచ్చింది. ఆ పైవారం అపార్ట్‌మెంట్లోని మరో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ ఇద్దరూ ఒకరోజు వచ్చి మానేశారు. ఎందుకన్నది ఉస్తాద్‌కి అంతుబట్టలేదు. ఆయన భార్యకు వెంటనే తెలిసిపోయింది. స్కూల్లో ఆడవాళ్లకు సరైన బాత్రూం లేదు! ఉన్నది రేకుల గది. తలుపుకు గడియ కూడా లేదు.

గుర్రాల కోసం కొత్త జీను కొందామని దాచిన డబ్బుతో ఆమె బాత్రూం కట్టించారు. పక్కనే ఫ్యానున్న చిన్న గది, అద్దం, నాలుగు కుర్చీలు. దారి తెలియక జనం అజీజ్‌నగర్ దగ్గరే ఆగిపోతున్నారని ఫోన్లో మ్యాపు గుర్తు పెట్టించారు. ఫోనెత్తి 'ముందు వచ్చి చూసి పోండ్రి అమ్మా, పైసల్ తర్వాత' అని చెప్పే పని కూడా ఆమే తీసుకున్నారు. ఇన్నేళ్ల కరపత్రాలు, బోర్డులు చెయ్యని పని ఆ తలుపు గడియ చేసింది. ఇప్పుడు మంగళ, గురువారాల్లో ఉదయం తొమ్మిది గంటల బ్యాచ్‌లో ఉన్నవాళ్లంతా తల్లులే. తొమ్మిది మంది. అందులో ఒకావిడకు యాభై రెండేళ్లు.

పెద్దవాళ్లకు వంగడం కష్టం, పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది, అందుకని మెల్లగా నేర్చుకుంటారు. కానీ మానరు. పరీక్షలున్నాయని అసలే మానరు. పైగా తల్లి గుర్రమెక్కిన ఇంట్లో పిల్లాణ్ని మార్చి నెలలో కూడా ఆదివారం పంపిస్తున్నారు. కొత్త ఖాతాదారుల కోసం ఊరంతా తిరిగిన ఉస్తాద్‌కి వాళ్లు ఇన్నేళ్లుగా తన వేపచెట్టు కిందే కూర్చుని ఉన్నారని తెలియలేదు.

దీంతో మొదటి క్లాసు పద్ధతీ మారింది. ఇప్పుడది ఉచితం కాదు. అలాగని గుర్రమూ ఎక్కించరు. వచ్చినవాళ్లు గంటసేపు గుర్రానికి మాలిష్ చెయ్యాలి. బ్రష్‌తో దుమ్ము దులపాలి. గిట్టల సందులో ఇరుక్కున్న మట్టి తియ్యాలి. వెనకనుంచి ఎందుకు వెళ్లకూడదో తెలుసుకోవాలి. కళ్లు రెండు పక్కలా ఉండటంతో దానికి చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా వెనక ఉన్నది తప్ప. చప్పుడు లేకుండా వెనక నిలబడితే తన్నడం దాని తప్పు కాదు. అరచెయ్యి చాపి క్యారట్ పెట్టడం నేర్చుకున్నాక ఆ రోజు పాఠం అయిపోయినట్లే. ఫొటోల కోసం వచ్చినవాళ్లు ఇక్కడే జారుకుంటారు. మిగిలినవాళ్లు మళ్లీ వస్తారు.

గేటు దగ్గర ఇంకో బోర్డు ఉంది: '85 కిలోలు దాటినవారు గుర్రాన్ని నడిపించవచ్చు, ఎక్కరాదు.' తన బరువులో అయిదో వంతుకు మించి గుర్రం మీద వెయ్యకూడదన్నది లెక్క. ఈ బోర్డు చూసి అలిగి వెళ్లిపోయినవాళ్లున్నారు. మూడు నెలలకు బరువు తగ్గి తిరిగొచ్చిన ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ ఉన్నాడు.

పిల్లల్ని ఎక్కడ చేర్చినా సరే, ఫీజు అడిగేముందు చూడాల్సింది గుర్రాన్నే అంటారు ఉస్తాద్. డొక్కలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నా, జీను కింద పుళ్లున్నా, వెంటనే వెనక్కి తిరగాలి. అడక్కుండానే హెల్మెట్ ఇస్తున్నారా, కొత్తగా చేరిన పిల్లల గుర్రం తాడు ఎవరైనా పట్టుకుంటున్నారా, ఒక్కో గుర్రానికి రోజుకెన్ని గంటలు పని చెబుతున్నారు... ఇవి గమనించాలి. కాస్త మడమ ఉన్న బూటు వేసుకుంటే పాదం రికాబులోంచి జారి ఇరుక్కోదు. ఆరేడేళ్లు నిండకముందు తొందరపడక్కర్లేదు. మాటలు రాని పిల్లలు, కాళ్లూచేతులు సరిగా ఆడని పిల్లలు గుర్రపు నడకతో కొంత మెరుగవుతారని విని కొందరు వస్తుంటారు. థెరపిస్టు వెంట ఉంటేనే ఉస్తాద్ ఒప్పుకుంటారు. నయం చేస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వరు.

చెరువుల మధ్య లీజు

ఇంత జరిగినా గండం గడవలేదు. ఈ ప్రాంతంలో ఇంకా ఖాళీ జాగా కనిపించడానికి కారణం ఆ రెండు చెరువులే. 1908 మూసీ వరద తర్వాత ముంపు తప్పించడానికి కట్టినవి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి నీళ్లు కలుషితం కాకుండా 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు రాకూడదంటూ 1996లో 111 జీవో వచ్చింది. అపార్ట్‌మెంట్లు లేవలేదు కాబట్టే తోటలకూ గుర్రాలకూ అందుబాటు ధరలో చోటు దొరికింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ప్రభుత్వం మరో జీవో ఇచ్చింది. దాని మీద వాదోపవాదాలు ఎన్ని నడిచినా భూముల బేరాలు మాత్రం ఆగలేదు.

ఉస్తాద్ స్కూలు మూడెకరాల లీజు స్థలంలో ఉంది. గడువు వచ్చే ఉగాది దాకే. స్థలం ఆసామి మంచివాడే, గుర్రాలంటే ఇష్టమున్నవాడే. కానీ కారులో వచ్చి విజిటింగ్ కార్డు ఇచ్చిపోయేవాళ్లు వారానికొకరు తగులుతున్నారు. లీజు పెంచితే తప్ప కుదరదని ఆయన ముందే చెప్పేశాడు. నెల నెలా వచ్చే శిష్యులు నలభై మంది ఉంటే ఆ పెంపు తట్టుకోవచ్చని ఉస్తాద్ భార్య లెక్క. ఇప్పుడున్నది ఇరవై ఆరు.

నలభై కాకపోతే? చాందినీ, బాద్షాలను కొనేవాళ్లున్నారు. లడ్డూను ఎవరైనా ముద్దుగా తీసుకుంటారు. ఇబ్బంది సుల్తాన్‌తోనే. దానికి ఇరవై రెండేళ్లు. ఎడమకన్నుకు శుక్లం. మూడేళ్లుగా దాని మీద జీను వెయ్యలేదు. దాన్ని కొంటానని ఇద్దరు ముగ్గురు అడిగారు గానీ, ఎందుకు అడుగుతున్నారో ఉస్తాద్‌కి తెలుసు. బండికి కడతారు, లేదా పెళ్లిళ్లకు తిప్పుతారు. మలక్‌పేటలో ఆయన మొదటిసారి పరుగు తీయించిన రోజున సుల్తాన్ వయసు రెండేళ్లు. రోజూ ఉదయం మొదటి దాణా దానికే. ఉలవలు కాస్త మెత్తగా ఉడికించి పెడతారు, పళ్లు అరిగిపోయాయి కాబట్టి.

ఆదివారం ఎనిమిదిన్నర. మట్టిరోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ ఓ కారు వచ్చి ఆగింది. తండ్రి, తల్లి, తొమ్మిదేళ్ల బాబు. బాబు లడ్డూను చూసి తండ్రి వెనక దాక్కున్నాడు. ఎంత బతిమాలినా ముందుకు రాలేదు. తండ్రి వాచీ చూసుకున్నాడు. మరోసారి వద్దామన్నాడు. తల్లి మాత్రం కదల్లేదు. మైదానంలో రాణి మీద ట్రాట్ నేర్చుకుంటున్న యాభై రెండేళ్లావిణ్నే చూస్తోంది.

'పెద్దవాళ్లక్కూడా నేర్పుతారా?'

'నేర్పుతం అమ్మా. మంగళారం, గురువారం. పొద్దుగాల తొమ్మిదింటికి.'

ఉస్తాద్ భార్య లోపలికెళ్లి లెక్కల పుస్తకం, ఒక బ్రష్, రెండు క్యారట్లు పట్టుకొచ్చారు. పుస్తకంలో 27 అని అంకె వేసి, పేరు రాయకుండా పక్కన ఖాళీ ఉంచారు. బ్రష్ ఆమె చేతికిచ్చి సుల్తాన్ వైపు చూపించారు. ఎడమవైపు నుంచి దానికి కనపడదు, కుడివైపు నుంచి వెళ్లమన్నారు. బాబు తండ్రి చెయ్యి వదిలి నాలుగడుగులు ముందుకేశాడు, అమ్మ ఏం చేస్తుందో చూడ్డానికి.